సీలోం రోడ్డులో ఒక తెలుగు మాట

బ్యాంకాక్ వెళ్ళొచ్చానని చెప్పి చూడండి. మా అంబర్‌పేటలో అయితే ఎదుటి మనిషి ముందు ఒక కన్ను కొడతాడు, ఆ తర్వాతే నోరు విప్పుతాడు. "ఏం భాయ్, మస్తు మజా చేసినట్టున్నవ్!" అంటాడు. తప్పు ఆయనది కాదు లెండి. మన సినిమాల్లో హీరో బ్యాంకాక్ వెళ్ళేది రెండే పనుల మీద. ఒకటి, డ్యూయెట్ పాడటానికి. రెండు, విలన్ డెన్‌లో ఫైటింగు చేయటానికి. కమెడియన్ కూడా వెంట వెళితే మసాజు సీను అదనం! అంచేత ఆ వూరి పేరు చెబితే మన జనానికి గుర్తొచ్చేవి అవే.

నేను చూసిన బ్యాంకాక్ వేరు. పాఠకులారా, ఇది సస్పెన్స్ చిత్రం కాదు గనక ఇంటర్వెల్ దాకా ఆగకుండా మొదటి రీలులోనే చెప్పేస్తున్నాను. ఈ వ్యాసకర్త గే. అంటే మగవాడై వుండి మగవాడినే ప్రేమించే మనిషి. వయసు ముప్పై నాలుగు. డిగ్రీ చదివాడు. పత్రికలకు రాసుకుని బతుకుతున్నాడు. ఈ సంగతి అమ్మకు తెలుసు. నాన్నకు తెలియదని అమ్మ అనుకుంటోంది. అమ్మకు తెలియదని నాన్న అనుకుంటున్నారు. ప్రస్తుతానికి మా యింట్లో కథ యింతవరకే వచ్చింది!

చట్టాలు... చుట్టాలు

"ఇంత పెద్ద హైదరాబాదు వుండగా విమానం ఎక్కడం ఎందుకయ్యా?" అని మీరు అడగవచ్చు. చెబుతాను.

మా ఛే నంబర్ బస్టాపులో దిగితే చాయ్ హోటలాయన మా నాన్నకు స్నేహితుడు. మందుల షాపాయన మా మేనమామకు తోడల్లుడు. పోనీ, చీకట్లో ఎవరూ చూడరు గదా అని శ్రీరమణ థియేటర్లో రెండో ఆటకు వెళితే, ముందు వరుసలో మా పిన్ని కొడుకు! ఇలాంటి చోట ఒక మనిషి ఎదురుగా కూర్చుని, అతని కళ్ళలోకి చూస్తూ, ఒక కప్పు చాయ్ చల్లారిపోయేదాకా కబుర్లు చెప్పుకోవటం అయ్యే పనేనా? మగవాళ్ళిద్దరు కలిసి చాయ్ తాగితే ఎవరూ ఏమీ అనరు, నిజమే. కానీ ఆ చూపు వుంది చూశారూ, దాన్ని దాచటం చాలా కష్టం. సినిమాల్లో క్లోజప్ పెట్టేది అందుకే!

1860లో ఇంగ్లీషు దొరలు రాసిపెట్టిన 377వ సెక్షన్ మా బోటి వాళ్ళను నేరస్తుల పట్టీలో చేర్చింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ పట్టీలోంచి తీసింది. 2013లో సుప్రీంకోర్టు మళ్ళీ చేర్చింది. చివరికి 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టే, ఇష్టపడిన యిద్దరు పెద్దవాళ్ళ మధ్య వ్యవహారం నేరం కాదని తేల్చేసింది. ఆ రోజు నేను మా యింటి డాబా మీద ఒక్కణ్ణే కూర్చుని మిర్చీ బజ్జీలు తిన్నాను. అదే నా సంబరం!

అయితే ఒక్క మాట. చట్టాలు మారినంత తొందరగా చుట్టాలు మారరు. మన నగరంలో 2013 నుంచీ ఇంద్రధనుస్సు జెండాలు పట్టుకుని ఊరేగింపులు జరిగాయి. ధైర్యవంతులు చాలామంది వున్నారు. కానీ ఊరేగింపు ఏడాదికి ఒక రోజు. మిగతా మూడు వందల అరవై నాలుగు రోజులూ మనిషికి కావలసింది కూర్చోవటానికి ఒక కుర్చీ. అందుకే కూడబెట్టిన నాలుగు డబ్బులు పట్టుకుని 2025 ఫిబ్రవరిలో బ్యాంకాక్ విమానం ఎక్కాను.

సోయి వున్న వూరు

సువర్ణభూమి విమానాశ్రయం చూసి ఆశ్చర్యపోయాను. అక్కడ క్షీరసాగర మథనం! దేవతలూ రాక్షసులూ వాసుకిని చెరో వైపూ పట్టుకుని లాగుతున్న భారీ విగ్రహం. మన పౌరాణిక చిత్రాల ఆర్ట్ డైరెక్టర్లు చూస్తే ముచ్చట పడిపోతారు. అక్కడివాళ్ళు చేతులు జోడించి "సవాదీ" అంటారు. మన "స్వస్తి" అనే మాట నుంచే వచ్చిందట. మనం స్వస్తి చెబితే పని అయిపోయినట్టు, వాళ్ళు చెబితే పరిచయం మొదలైనట్టు!

సీలోం అనే పెద్ద రోడ్డు వుంది. పగలంతా బ్యాంకులూ ఆఫీసులూ. అదే రోడ్డు మీద పందొమ్మిదో శతాబ్దంలో తమిళులు కట్టుకున్న మారియమ్మన్ గుడి వుంది. గోపురం, కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ... మా మహాకాళి గుడి గుర్తొచ్చి దణ్ణం పెట్టుకున్నాను. అక్కడి నుంచి అదే రోడ్డు పట్టుకుని సాలా డేంగ్ రైలు స్టేషన్ వైపు నడిస్తే, నేను వెతుక్కుంటూ వచ్చిన సందులు వస్తాయి. సందును వాళ్ళ భాషలో "సోయి" అంటారు. మా తెలంగాణలో సోయి అంటే స్పృహ. "నీకు సోయి వుందా?" అని నన్ను చిన్నప్పటి నుంచీ అడుగుతున్నవాళ్ళకి ఇకమీదట చెప్పవచ్చు, రెండో నంబరూ నాలుగో నంబరూ చూసొచ్చానని!

రెండో నంబరు సోయిలో డీజే స్టేషన్ అనే డాన్స్ క్లబ్బు పేరుమోసింది. నాలుగో నంబరు సోయిలో డాన్సు కంటే కూర్చోవటం ఎక్కువ. సందుకు అటూ యిటూ పబ్బులు, వాటి ముందు ఆరుబయటే బల్లలూ కుర్చీలూ. ఒకటి బాల్కనీ. ఇంకొకటి టెలిఫోన్ పబ్. ఆ పేరు ఎందుకంటే, 1980లలో మొదలైన ఆ పబ్బులో ఒకప్పుడు ప్రతి బల్ల మీదా ఒక ఫోను, దానికో నంబరు వుండేవట. అవతలి బల్ల దగ్గర మనిషి నచ్చితే లేచి వెళ్ళనక్కర్లేదు, ఆ బల్ల నంబరుకు ఫోను చేస్తే చాలు! సిగ్గరి ప్రేమికుల కోసం ఎంత చక్కటి ఏర్పాటు! మన దర్శకులెవరైనా ఒక డ్యూయెట్ ముందు ఈ సీను పెట్టుకోవచ్చు.

నన్ను కట్టిపడేసింది మాత్రం ఆ రంగు దీపాలు కావు. నా పక్క బల్ల దగ్గర అరవై దాటిన యిద్దరు మగవాళ్ళు కూర్చున్నారు. ఒకే ప్లేటులో ఫ్రైడ్ రైస్ తింటున్నారు. బిల్లు వచ్చింది. ఒకాయన కళ్ళజోడు మర్చిపోయాడు. రెండో ఆయన విసుక్కుంటూ తన కళ్ళజోడు తీసి యిచ్చాడు. అంతే! ఆ జోడు ఎన్ని ఏళ్ళ పాతదో ఆ విసుగులో తెలిసిపోయింది. మా వాళ్ళలో పాతికేళ్ళ ప్రేమికులను చూశాను గానీ అరవై ఏళ్ళ దంపతులను అంతవరకూ చూడలేదు. మా బోటివాళ్ళు కూడా ముసలివాళ్ళవుతారనీ, కళ్ళజోడు కోసం పోట్లాడుకుంటారనీ నాకు ఎవరూ చెప్పలేదు మరి!

నేను వెళ్ళటానికి కొద్ది వారాల ముందే, 2025 జనవరి 23న, ఆ దేశంలో ఇలాంటి జంటలు వరుసకట్టి పెళ్ళిళ్ళు రిజిస్టరు చేయించుకున్నాయి. ఆగ్నేయాసియాలో అలాంటి చట్టం తెచ్చిన మొదటి దేశం థాయిలాండే.

గాజు కిటికీ కథ

ఇలా ఆరుబయట కూర్చోవటం వూరికే వచ్చిన భాగ్యం కాదు. అమెరికాలో ఒకప్పుడు ఇలాంటి బార్లకు కిటికీలు మూసేసి వుండేవి. బయటి నుంచి ఎవరూ చూడకుండా! పోలీసులు దాడి చేసేవారు. 1969 జూన్ 28న న్యూయార్క్‌లో స్టోన్‌వాల్ ఇన్ అనే బారు మీద దాడికి వస్తే అక్కడున్నవాళ్ళు ఎదురు తిరిగారు. ఊరేగింపులకు అదే నాంది. తర్వాత 1972లో శాన్‌ఫ్రాన్సిస్కో కాస్ట్రో వీధి మూల మీద ట్విన్ పీక్స్ అనే బారుకు యిద్దరు ఆడవాళ్ళు నిలువెత్తు గాజు కిటికీలు పెట్టించారు. లోపలివాళ్ళు బయటికీ, బయటివాళ్ళు లోపలికీ కనపడేలా! సాహసమంటే అది. ఆ వీధి నాయకుడు హార్వీ మిల్క్ జీవితాన్నే 2008లో "మిల్క్" పేరుతో చిత్రంగా తీశారు. అందులో నటించిన షాన్ పెన్‌కి ఆస్కార్ వచ్చింది. దొరికితే తప్పక చూడండి.

ఇంతకీ రాత్రి షో సంగతి చెప్పలేదు గదూ! మగవాళ్ళు పట్టు గౌన్లూ, ఈకల కిరీటాలూ, ఇంతెత్తు మడమల చెప్పులూ వేసుకుని పాటలకు పెదవులు కదుపుతూ ఆడతారు. తెల్లవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు. నాకు మాత్రం కొత్తనిపించలేదు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగస్థలం ఎక్కితే ఆ నడక ముందు నిజం ఆడవాళ్ళు చిన్నబోయేవారని మా తాతగారు చెప్పేవారు. 1956లో ఆయనకు పద్మశ్రీ యిచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారి భామ సంగతి వేరే చెప్పాలా? మా అంబర్‌పేట పక్కనే నాచారంలో స్టూడియో కట్టిన రామారావుగారు 1963లో "నర్తనశాల"లో బృహన్నల వేషం వేస్తే మన జనం వెక్కిరించలేదు, హారతులు పట్టారు!

వేషం వేసినవాళ్ళంతా గే అని నా అర్థం కాదు. అలా అనుకుంటే పొరపాటు. నేను చెప్పేది వేరు. మగవాడిలో లాలిత్యాన్ని చూసి చేతులెత్తి మొక్కిన జాతి మనది. అదే జాతి తర్వాత తెర మీద అలాంటి మనిషి కనపడగానే "వీడు తేడారోయ్" అని ఈలలు వేయటం ఎప్పుడు నేర్చుకుంది? ఆ "తేడా" అనే మాట నేల తరగతిలో పేలినప్పుడల్లా ఒక కుర్రాడు చీకట్లో తానూ అందరితో పాటు నవ్వుతుంటాడు. నవ్వకపోతే పట్టుబడిపోతానేమోనని! నాకు తెలుసు. ఆ కుర్రాడు కూర్చున్న సీటు నాకు బాగా తెలుసు.

వెళ్ళేవాళ్ళకు నాలుగు ముక్కలు. ఆ దేశంలో ఇరవై ఏళ్ళు నిండితేనే బార్లలోకి రానిస్తారు, పాస్‌పోర్టు దగ్గర వుంచుకోండి. మీ గ్లాసు మీ చేతిలోనే వుండాలి. పక్కనే వున్న పట్‌పాంగ్ సందుల్లో చెయ్యి పట్టుకుని లాగే దళారులకు నవ్వి నమస్కారం పెట్టి ముందుకు సాగండి. ఎవరినీ ఫోటో తీయకండి. మీకు సరదా, అవతలి మనిషికి కొంప మునుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అన్ని దేశాలూ ఒకటి కాదు. సింగపూరు కూడా మన 377కి తమ్ముడి లాంటి సెక్షన్‌ను 2022లో రద్దు చేసింది గానీ, దుబాయ్‌లో, సౌదీలో, మలేషియాలో చట్టం శిక్షిస్తుంది. పొట్టకూటి కోసం ఆ వైపు వెళ్ళే తమ్ముళ్ళు జాగ్రత్త!

ఉప్పు చాలని నూడుల్స్

రెండో రాత్రి. నాలుగో నంబరు సోయిలోనే కూర్చున్నాను. వెనక బల్ల నుంచి వినపడింది. "ఒరేయ్, దీనిలో ఉప్పే లేదురా బాబూ!"

తెలుగు! అదీ అచ్చమైన కోస్తా తెలుగు! ప్రాణం లేచొచ్చింది. వెనక్కి తిరిగి, "ఏ ఊరు తమ్మీ మీది?" అని అడిగాను.

నవ్వులు ఆగిపోయాయి. ఒక కుర్రాడు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. రెండోవాడు, పాతికా యిరవై ఆరేళ్ళుంటాయి, నా మొహం చూసి, "సారీ, ఐ డోంట్ అండర్‌స్టాండ్" అన్నాడు. నిమిషం కిందటే నూడుల్స్‌ను తెలుగులో తిట్టిన నోరు!

చూడండి మరి. ఆ సందులో ఎంతమంది వున్నారో! థాయి వాళ్ళు, చైనా వాళ్ళు, తెల్లవాళ్ళు. వాళ్ళ ముందు ఆ కుర్రాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చున్నారు. ఎవరికీ జంకలేదు. జంకింది ఒక్క తెలుగు మాటకే. విదేశంలో మన భాష వినపడితే ఎవరికైనా అమ్మ గుర్తొస్తుంది. వాళ్ళకూ అమ్మే గుర్తొచ్చింది. అదే వచ్చిన చిక్కు!

నేను మళ్ళీ పలకరించలేదు. అరగంట తర్వాత అతనే వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. "అన్నయ్యా, మీరు మావాళ్ళెవరికీ తెలీదు కదండీ?" అన్నాడు. లేదన్నాను. నేనూ యిటువైపు మనిషినేనని చెప్పాను. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

హైదరాబాద్‌లోనే కంప్యూటర్ వుద్యోగమట. ఆర్నెల్లకోసారి ఇక్కడికి వచ్చిపోతాడట. "ఇక్కడ మన పాట ఒక్కటీ వెయ్యరండీ, అదే లోటు" అన్నాడు. లండన్‌లో 1995లో డీజే రీతూ, ఆమె స్నేహితురాలూ కలిసి క్లబ్ కాళి పెట్టారని, అక్కడ మన దేశపు గే కుర్రకారు హిందీ పాటలకూ భాంగ్రాకూ చిందులేసేవారని చెప్పాను. న్యూయార్క్‌లో ఇలాంటి పార్టీలు నడిపిన ఒక బృందం తమకు "షోలే" అని పేరు పెట్టుకుందంటే పగలబడి నవ్వాడు. "జై, వీరూల పేరు మీదా!" అన్నాడు. అంతలోనే నవ్వు మాయమైంది.

"వైశాఖంలో నా పెళ్ళండీ."

అమ్మాయి టీచరట. నిశ్చితార్థం అయిపోయింది. పెళ్ళి హాలుకు అడ్వాన్సు యిచ్చేశారు. "ఏం చేస్తామండీ, పెళ్ళి చేసుకుంటే అమ్మ వూరుకుంటుంది. ఆర్నెల్లకోసారి ఇక్కడికి వస్తే నేను వూరుకుంటాను" అన్నాడు. లెక్క కుదిరిందన్నట్టు చూశాడు.

"మరి ఆ అమ్మాయి?" అన్నాను.

మాట్లాడలేదు.

పాఠకులారా, నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ప్రశ్నలోనే వుంది. ఆ సందులోని స్వేచ్ఛ గొప్పది, నేను కాదనను. కానీ ఆ స్వేచ్ఛ ప్రెషర్ కుక్కర్ విజిల్ లాగా ఆర్నెల్లకోసారి ఆవిరి వదలటానికే పనికొస్తే, లోపల వుడికిపోయేది ఎవరు? రాత్రుళ్ళు గోడ వైపు తిరిగి, "నాలో ఏం లోపం?" అనుకుంటూ కూర్చునే ఒక అమ్మాయి. 2023లో మలయాళంలో వచ్చిన "కాదల్ ది కోర్" చూశారా? మమ్ముట్టి అంతటి స్టారు గే భర్తగా నటించాడు. విడాకులు అడిగే భార్యగా జ్యోతిక. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె ఏం పోగొట్టుకుందో ఆ చిత్రం చెబుతుంది. మన అభిమాన హీరోలు ఆ సాహసం చేసేదెప్పుడో!

నేను ఆ కుర్రాడికి సినిమా కథ చెప్పాను. ఉపన్యాసం మాత్రం యివ్వలేదు. చాలాసేపు గ్లాసు అటూ యిటూ తిప్పాడు. చివరికి, "చెప్పాలనే వుందన్నయ్యా. కానీ ఎలా చెప్పాలి? గే అంటే తనకి ఏం అర్థమవుతుందో! పేపర్లో రాసే ఆ పెద్ద మాట నోటికి రాదు. తేడా అని చెప్పుకోలేను గదా. తెలుగులో ఎలా చెప్పాలండీ?" అని అడిగాడు.

నా దగ్గరా జవాబు లేదు! తెలుగులో డిగ్రీ పరీక్ష రాసినవాణ్ణి, అక్షరాలమ్ముకుని బతికేవాణ్ణి, నిలువునా బిక్కచచ్చిపోయాను. మన సినిమాల్లో ప్రేమిస్తున్నానని వెయ్యి రకాలుగా చెప్పిన హీరోలున్నారు. కొండ మీద నుంచి అరిచి చెప్పారు, రైలు వెంట పరుగెత్తి చెప్పారు. ఈ ఒక్క డైలాగు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. రాసి వుంటే కుర్రాళ్ళు బట్టీ పట్టేవారు గదా, మిగతావాటిని పట్టినట్టే!

సరే, మేమే రాద్దామని కూర్చున్నాం. పేపర్ నాప్‌కిన్ మీద, సోడా గ్లాసులు పక్కకు జరిపి. మొదట అతను రాసింది మరీ గ్రాంథికం. కొట్టేశాం. నేను రాసింది మరీ కోర్టు సీను. అదీ కొట్టేశాం. "ముందు ఆ అమ్మాయికి ఏం తెలియాలో అది రాయి" అన్నాను. లోపలికి పారిపోయిన స్నేహితుడు కూడా ఎప్పుడొచ్చాడో వచ్చి, ఒక మాట అందించాడు. రాత్రి పన్నెండు దాటాక డైలాగు ఇలా తేలింది.

"నీలో ఏ లోపమూ లేదు. నాకు మగవాళ్ళంటేనే ఇష్టం, పుట్టుకే అంత. నిన్ను పెళ్ళి చేసుకుని మోసం చెయ్యలేను. తప్పు నీది కాదని మీ వాళ్ళందరి ముందూ నేనే చెబుతాను."

నాలుగు వాక్యాలు. అతను రెండుసార్లు పైకి చదివాడు. రెండోసారి గొంతు వణకలేదు. నాప్‌కిన్ మడిచి పర్సులో పెట్టుకున్నాడు.

తర్వాతి రీలు

జూన్‌లో అతని దగ్గర నుంచి ఒక మెసేజ్ వచ్చింది. పెళ్ళి ఆగిపోయింది. ఆ అమ్మాయి గంటసేపు ఏడ్చి, "ముందే చెప్పావు, అది చాలు" అన్నదట. వాళ్ళ నాన్నగారు హాలు అడ్వాన్సు సంగతి అడిగారట. కుర్రాడు పైసాతో సహా కట్టేశాడు. అమ్మ మూడు వారాలు మాట్లాడలేదు. నాలుగో వారం, "ఉప్పు సరిపోయిందా?" అని మాత్రం అడిగిందట. అన్నం పెడుతూ!

సుఖాంతమని నేను అనను. అతని తండ్రి ఇంకా మాట్లాడటం లేదు. మగవాళ్ళిద్దరు పెళ్ళి చేసుకునే వీలు మన చట్టంలో లేదు. 2021 డిసెంబరులో మన హైదరాబాద్‌లోనే బంధుమిత్రుల మధ్య ఉంగరాలు మార్చుకున్న సుప్రియో, అభయ్‌ల జంట సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ కేసుకు సుప్రియో పేరే వచ్చింది. 2023 అక్టోబరు 17న కోర్టు, అది పార్లమెంటు తేల్చవలసిన విషయమని చెప్పేసింది. అంచేత కళ్ళజోడు కోసం పోట్లాడుకునే ముసలి జంటలు మన ఛే నంబర్‌లో కనపడటానికి ఇంకా టైము పడుతుంది.

అయినా ఆ సోయిల నుంచి తెచ్చుకోవలసిన సామాను సెంటు సీసా, టీ షర్టూ కాదని నాకు తేలింది. నాలుగు వాక్యాల తెలుగు తెచ్చుకుంటే చాలు. విమానం ఖర్చు కిట్టినట్టే.

ఆ డైలాగు మా ముగ్గురిదీ. కాపీరైటు లేదు. మాటల రచయితలు ఎవరైనా వాడుకోవచ్చు. టైటిల్స్‌లో మా పేరు వేయనక్కర్లేదు. హీరో నోట పలికించండి చాలు. కమెడియన్ నోట మాత్రం వద్దు!